లివర్‌కు పాకిన న్యూరోఎండోక్రైన్ గడ్డ: ఆపరేషన్ చేయించొచ్చా? నాయన కోసం అడుగుతుండా

కావలి_చెరువుగట్టు
అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. నాయనకు 56 ఏళ్లు, రొయ్యల గుంటలు చూసుకుంటాడు. ఏడాది పైనుంచి నీళ్ల విరేచనాలు. గ్యాసన్నారు, అమీబియాసిస్ అన్నారు, ఐబీఎస్ అన్నారు, దేని మందులు దానికి వాడాం. మధ్యమధ్యలో ముఖం, మెడ భగ్గుమంటాయనేవాడు. పొద్దస్తమానం ఎండలో గట్ల మీద తిరిగే మనిషి కదా, ఎండ దెబ్బేలే అనుకున్నాం. ఈమధ్య కుడి డొక్కలో బరువుగా ఉండాదంటే నెల్లూరులో స్కానింగ్ తీయించాం. లివర్‌లో గడ్డలు. చూసిన డాక్టరు "సెకండరీస్ (వేరే చోటినుంచి పాకిన గడ్డలు), మూడు నెలలు, ఇంటికి తీసకపోయి అడిగింది పెట్టండి" అన్నాడు. ఆస్పత్రి పేరు ఎందుకులే.

మా మేనమామ ఊరుకోలా. సూది బయాప్సీ చేయించాడు. వెల్ డిఫరెన్షియేటెడ్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, గ్రేడ్ 2, కేఐ-67 4 శాతం అని వచ్చింది. ఆ తర్వాత వెల్లూరు సీఎంసీలో డొటాటేట్ పెట్ స్కాన్, ఈ రకం గడ్డలు ఎక్కడున్నా వెలిగి కనపడతాయంట. చిన్నపేగు చివర చిన్న గడ్డ, దాని పక్కన పేగుపొరలో ఒక గ్రంథి, లివర్‌లో తొమ్మిది మచ్చలు. ఆరు కుడిపక్క, మూడు ఎడమపక్క. పెద్దది 6 సెం.మీ. ఎముకల్లో ఏమీ లేదు.

ఇప్పుడు ఒకరు ఆపరేషన్ అంటారు, ఇంకొకరు ఇంజెక్షన్లు చాలంటారు. మా చిన్నాయన అయితే "క్యాన్సర్‌కు కత్తి పెడితే గాలి తగిలి ఒళ్లంతా పాకుద్ది" అని అడ్డం పడుతుండాడు. తెలిసినోళ్లు చెప్పండబ్బా.

ఒంగోలు_గిత్త
తమ్ముడూ, ముందు ఆ మూడు నెలల మాట మనసులోంచి తీసెయ్. ఇది ఇర్ఫాన్ ఖాన్‌కు వచ్చిన జబ్బు కదా? 2018లో ఆయనే బయటపెట్టాడు.

సింగరాయకొండ_చిన్నమ్మి
గిత్త అన్నా, ధైర్యం చెప్పేటప్పుడు పోయినాయన పేరు తీయాలా? ఆయన 2020లో పోయాడు.

కత్తి_పట్టినోడు
నాది ఒంగోలే. చెన్నైలో లివర్ సర్జరీ ట్రైనింగ్‌లో ఉన్నా. స్కాన్ ఫిల్ములు కళ్లారా చూడకుండా ఇది చెయ్ అది చెయ్ అనను గానీ, సంగతేందో చెప్తా.

న్యూరోఎండోక్రైన్ అంటే హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే గడ్డ. అది ఒక్క జబ్బు కాదు. ఒకే ఇంటిపేరుతో నెమ్మదస్తులూ ఉంటారు, దూకుడుగాళ్లూ ఉంటారు. ఎవరెవరో చెప్పేది బయాప్సీలోని కేఐ-67, అంటే గడ్డలో ఎంత శాతం కణాలు పెరిగే పనిలో ఉన్నాయో చెప్పే అంకె. 3 శాతం లోపుంటే గ్రేడ్ 1. 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2. 20 దాటితే గ్రేడ్ 3. కణం అసలు పోలికే లేకుండా చెడిపోయి ఉంటే దాన్ని కార్సినోమా అంటాం, దాని దారి వేరు, దానికి ముందు కీమో. మీ నాయనది 4. అంటే గ్రేడ్ 2లో అడుగు మెట్టు. ఇర్ఫాన్ కథో, ఇంకొకరి కథో తెచ్చి దీనికి అతికించొద్దు.

విరేచనాలూ, ముఖం మంటా ఎందుకో కూడా విను. పేగు నుంచి వచ్చే రక్తం అంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే పోతుంది. అందుకే పేగు గడ్డ నుంచి ఊడిన కణాలు మొదట అక్కడే దిగుతాయి. పేగులో మాత్రమే గడ్డ ఉన్నంతకాలం అది వదిలే సెరటోనిన్ లాంటివాటిని లివర్ విరిచేస్తుంది, మనిషికి తెలియదు. లివర్‌లోనే గడ్డలు లేచాక అవి వదిలేది వడపోత లేకుండా నేరుగా గుండె వైపు పోతుంది. దాన్నే కార్సినాయిడ్ సిండ్రోమ్ అంటారు. పుస్తకంలో "ముఖం ఎర్రబడుట" అని రాసుంటుంది. మన రంగు ఒంటికి ఆ ఎరుపు అంత తేలిగ్గా కనపడదు. పేషెంటు "వేడి ఆవిరి కొట్టినట్టుంది" అంటాడు, చూసేవాడికి ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి తప్పిపోయేది ఇక్కడే.

గాలి తగిలితే పాకుతుందన్నది ఒట్టి మాట. వెనకటి రోజుల్లో స్కాన్లు లేక, కడుపు తెరిచి చూసి, చేసేదేం లేక మూసేసేవాళ్లు. ఆ మనిషి పోతే నేరం గాలి మీద పడేది.

కావలి_చెరువుగట్టు
అన్నా, నాలుగో స్టేజీ అని రాసుండాది కదా. నాలుగో స్టేజీకి ఆపరేషన్ ఏంది అని అందరూ అడుగుతుండారు.

కత్తి_పట్టినోడు
మామూలు క్యాన్సర్ల లెక్కలో అది సరైన ప్రశ్నే. ఊపిరితిత్తులదో, పాంక్రియాస్ అడినోకార్సినోమానో (అక్కడ ఎక్కువగా వచ్చే దూకుడు క్యాన్సర్) లివర్‌కు పాకితే సాధారణంగా లివర్ కోయరు. పెద్దపేగు క్యాన్సర్ ఒక మినహాయింపు, ఇది రెండోది. గడ్డ నిదానంగా పెరుగుతుంది, చాలామందిలో ఏళ్లపాటు లివర్ దాటి పోదు, చివరికి మనిషిని ఇబ్బంది పెట్టేది ఆ లివర్‌లోని బరువూ, హార్మోన్లూ. ఆ బరువు తీస్తే లాభం ఉంటుందని సర్జన్లు చాలాకాలంగా చేస్తున్నారు.

అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2003లో 170 మంది లెక్క ప్రచురించారు. ఐదేళ్లకు 61 శాతం మంది బతికున్నారు, పదేళ్లకు 35 శాతం. హార్మోన్ బాధలున్న వాళ్లలో దాదాపు అందరికీ తగ్గాయి. అదే పేపర్లో ఇంకో అంకె ఉంది, చాలామంది సర్జన్లు దాన్ని మెల్లిగా చెబుతారు: ఐదేళ్లలో 84 శాతం మందికి మళ్లీ వచ్చింది. 2010లో చాలా ఆస్పత్రులు కలిపి 339 మందిని చూశారు. ఐదేళ్లకు బతికున్నది 74 శాతం, మళ్లీ వచ్చింది 94 శాతం మందికి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కోస్తే పోతుందని కాదు. కోస్తే చాలామందికి రోజులు పెరుగుతాయి, ఆ రోజులు బాగుంటాయి.

ఇంకోటి. వెనక 90 శాతం గడ్డ తీయగలిగితేనే కత్తి పట్టాలనేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల 70 శాతం తీయగలిగినా సరే అంటున్నారు. మామూలు కండ వీలైనంత మిగిల్చి గడ్డలను ఒక్కొక్కటిగా ఒలిచి తీయడం, చిన్నవాటిని మైక్రోవేవ్ సూదితో కాల్చడం వచ్చాక అంతమందికి చేయగలుగుతున్నారు.

పెన్నా_ఒడ్డు
డాక్టరు గారూ, మీ మాట కాదనను గానీ ఒకటి చెప్పాలి. నా భార్యకు పాంక్రియాస్‌లో మొదలై లివర్ రెండు పక్కలా చిన్నచిన్న చుక్కలుగా పాకింది, ఆవాలు చల్లినట్టు. ముగ్గురు సర్జన్లను కలిశాం. ఒకాయన మాత్రం చేస్తానన్నాడు, మిగతా ఇద్దరూ వద్దన్నారు. చివరికి ఇంజెక్షను, లుటీషియం అనే రేడియేషన్ మందు. నాలుగేళ్లయింది, ఇంట్లో వంట ఆమెదే.

మీరు చెప్పిన 61, 74 ఎవరివి? ఆపరేషన్‌కు పనికొస్తారని ఏరి పక్కన పెట్టిన వాళ్లవి. గడ్డలు తక్కువ, ఒంట్లో సత్తువ ఎక్కువ. వాళ్లు ఆపరేషన్ లేకపోయినా మిగతావాళ్ల కంటే ఎక్కువ బతికేవాళ్లేమో. చీటీలేసి సగం మందికి ఆపరేషన్, సగం మందికి మందులు ఇచ్చి పోల్చిన ట్రయల్ ఒక్కటి చూపించండి.

కత్తి_పట్టినోడు
లేదు సార్. అట్టాంటి ట్రయల్ లేదు. మీరన్నది న్యాయమైన మాట, మా మీటింగుల్లో మెడికల్ ఆంకాలజీ వాళ్లు మా మొహాన కొట్టేదీ అదే.

మేడం గారి సంగతిలో వద్దన్న ఇద్దరే కరెక్టు. మేం మూడు రకాలుగా చూస్తాం. ఒక్కటే మచ్చ ఉండి ఎక్కడున్నా తీయగలిగేది మొదటి రకం. ఒక పక్క పెద్ద బరువు, ఇంకో పక్క చిన్నచిన్నవి రెండో రకం. రెండు పక్కలా చల్లినట్టు ఉండి మంచి కండ ఎక్కడుందో వెతుక్కునేది మూడో రకం. సగానికి పైగా పేషెంట్లు మూడోదాంట్లోనే వస్తారు, వాళ్లకు కత్తి ముందు వరస వైద్యం కాదు. తమ్ముడు చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల నాయన రెండో రకం లాగుంది. అందుకే ఇంతసేపు మాట్లాడుతున్నా.

పెన్నా_ఒడ్డు
అట్టా విడదీసి చెప్తే ఒప్పుకుంటా.

పసరువైద్యం_కనిగిరి
బాబూ, కోతలు కాల్చడాలు ఎందుకు? మా దగ్గర నేలవేము, నేల ఉసిరి కలిపిన పసరు ఉంది. మండలం రోజులు పరగడుపున తాగితే లివర్ గడ్డ నీరై పోతుంది. ఫోన్ చేయండి.

కత్తి_పట్టినోడు
పెద్దాయనా, మీ మీద కోపం లేదు. కానీ లివర్‌లో పెద్ద ముక్క తీయబోయే మనిషికి, మిగిలే ముక్క ఎంత ఆరోగ్యంగా ఉంటే ప్రాణం అంత భద్రం. ఏం కలిసిందో తెలియని పసర్లు తాగి లివర్ ఎంజైములు ఆకాశానికెక్కిన కేసులు మా వార్డుకు వస్తూనే ఉంటాయి. వాటి వల్ల ఆపరేషన్ వాయిదా పడుతుంది.

స్టీవ్ జాబ్స్‌దీ ఈ కుటుంబం జబ్బే, పాంక్రియాస్‌లో. 2003లో బయటపడింది. పథ్యాలూ, ప్రత్యామ్నాయాలూ చూసుకుంటూ నెలలు గడిపి 2004లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ముందే చేయించుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ డబ్బుకు కొదవలేని మనిషికే చేజారిన కాలం తిరిగి రాలేదు.

మోడరేటర్
ఫోన్ నంబరు తీసేశాం. మందుల అమ్మకాలు ఈ చర్చలో వద్దు.

టంగుటూరు_పొగాకు
నేను రాద్దామా వద్దా అనుకుంటా ఉన్నా. నాకు ఇదే జబ్బు, ఇదే చోట, చిన్నపేగు చివర. రెండు దఫాలుగా కోశారు. ఎట్టా జరిగిందో చెప్తా, భయపెట్టడానికి కాదు.

మొదటిసారి పేగు ముక్క, దాని పక్కన గట్టిపడిన గ్రంథి, పిత్తాశయం, లివర్ ఎడమపక్క ఉన్న చిన్న గడ్డలు తీశారు. పిత్తాశయం బాగానే ఉందిగా ఎందుకు తీశారని మా బావమరిది గొడవ. ఆ నెల నెలా ఇంజెక్షన్ వాడితే అందులో రాళ్లు పడతాయంట. రేపు మళ్లీ పొట్ట కోసే పని లేకుండా ఇప్పుడే తీసేస్తామన్నారు. పేగు దగ్గర గ్రంథి నారలు నారలుగా లాక్కుపోయి పేగును మెలితిప్పి ఉందంట. నాకు తిన్నాక కడుపులో పట్టేసినట్టు ఉండేది అందుకే.

తర్వాత లివర్ కుడిపక్కకు పోయే పోర్టల్ సిరను ఒక గొట్టం పెట్టి లోపలే మూసేశారు. దీనికి కోత లేదు, చిన్న రంధ్రమే. కుడిపక్కకు రక్తం పోక, ఎడమపక్క దాని పని కూడా నెత్తినేసుకుని పెరుగుద్ది. కొన్ని వారాలు ఇంటికి పంపారు. అప్పుడే బేరన్ పొగాకు వేలం నడుస్తా ఉంది, నేను ప్లాట్‌ఫారం కాడికి కూడా పోయొచ్చా, మా ఇంటిదానికి తెలియకుండా. మళ్లీ సీటీ తీసి ఎడమపక్క ఎంత పెరిగిందో కొలిచారు. చాలన్నాక రెండో ఆపరేషన్. కుడి భాగం మొత్తం తీసేశారు.

అసలు కష్టం అప్పుడు. పొట్ట పక్కన డ్రెయిన్ గొట్టం, చివర సంచి. పొద్దున్నే సిస్టర్ వచ్చి సంచిని పైకెత్తి లైటుకు పెట్టి చూసేది. ఎరుపు నీళ్లలా ఉంటే ఏమీ అనేది కాదు. ఒకరోజు ముదురు గోరింటాకు నీళ్ల రంగు వచ్చింది. ఆమె మొహం మారింది. పిత్తం కారుతోందన్నారు. ఇంకో సన్న గొట్టం నోటిగుండా వేసి పైత్యనాళంలో స్టెంట్ పెట్టాక నిదానంగా ఆగింది. అందాకా సంచి తగిలించుకునే వరండాలో నడిపించారు. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇస్తారు, గాలి పీల్చి బంతులు లేపాలి. పిల్లకాయల ఆటలా ఉంటది. దాన్ని వదలొద్దు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరకుండా కాపాడేది అదే.

విరేచనాలు ఆగిపోయినాయి. ఆ ఒక్కదానికే నేను ఎన్నిసార్లైనా దణ్ణం పెడతా. తర్వాత రెండేళ్లకు ఎంఆర్‌ఐలో రెండు చుక్కలు కనపడ్డాయి, సూదితో కాల్చారు. నెల నెలా ఇంజెక్షన్ సాగతానే ఉంది. పొలం పోతుండా.

కావలి_చెరువుగట్టు
పెద్దాయనా, మీ రాత నాయనకు చదివి వినిపించా. వింటా వింటా "ఆయన పొగాకు కాడికి పోయాడా?" అని నవ్వినాడు. చాన్నాళ్లకు నవ్వింది.

స్టాఫ్‌నర్స్_నెల్లూరు
ఆ నెల ఇంజెక్షన్ గురించి నేను చెప్తా, ఎందుకంటే మన దగ్గర పాడయ్యేది అక్కడే. గడ్డ వదిలే హార్మోన్లను అణిచే మందు అది. ఆక్ట్రియోటైడ్ ఎల్‌ఏఆర్ అయితే పొడి ఒక సీసాలో, ద్రావకం వేరుగా ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చిందాకా ఆగాలి. ద్రావకం పోశాక పొడి తడిసిందాకా కదపకుండా ఉంచి, తర్వాత మెల్లిగా కలపాలి. కలిపిన వెంటనే, పిరుదు కండలోకి లోతుగా, ఈ నెల ఒక పక్క, వచ్చే నెల ఇంకో పక్క ఇవ్వాలి. ఆలస్యం చేస్తే పొడి అడుగున పేరుకుని సూది మూసుకుపోతుంది. ఊర్లో ఆర్‌ఎంపీకి అప్పజెప్పి, ఆయన చెయ్యి కండకు ఇచ్చేస్తే అంత డబ్బూ వృథా. లాన్రియోటైడ్ అయితే సిరంజిలోనే సిద్ధంగా వస్తుంది, చర్మం కింద లోతుగా ఇస్తారు. రెండూ 28 రోజులకోసారి. మన దేశంలో తయారైన ఆక్ట్రియోటైడ్ కూడా దొరుకుతుంది, అడగండి.

ఇంకోటి, 24 గంటల మూత్రం పరీక్ష, 5-హెచ్‌ఐఏఏ (సెరటోనిన్ విరిగాక మూత్రంలో వచ్చేది), రాసుంటే దానికి మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, టమాటా, వాల్‌నట్ మానాలి. చక్కెరకేళి రోజూ రెండు తినే మనిషికి రిపోర్టు ఊరికే పెరిగి కనపడుతుంది. క్రోమోగ్రానిన్ పరీక్ష (ఈ గడ్డల జాడ చూసే రక్త పరీక్ష) అయితే గ్యాస్ బిళ్లలు, పాంటాప్రజోల్ లాంటివి వాడతా ఉంటే తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. వాటిని డాక్టరు చెప్పినప్పుడే ఆపాలి, సొంతంగా కాదు.

కత్తి_పట్టినోడు
సిస్టర్ గారికి వంద మార్కులు. తమ్ముడూ, ఇంతకీ ఎకో తీయించారా?

కావలి_చెరువుగట్టు
గుండెకా? నాయనకు గుండె జబ్బేం లేదన్నా. ఎవరూ చెప్పలా.

కత్తి_పట్టినోడు
తీయించాలి. ఇంత పొడుగునా ముఖం మంటలున్న మనిషికి ఎకో లేకుండా లివర్ మీద కత్తి పెట్టకూడదు. ఆ సెరటోనిన్ కుడి గుండెలోని కవాటాల మీద తెల్లటి పొర పేరుస్తుంది. ట్రైకస్పిడ్ కవాటం బిగుసుకుపోయి మూసుకోదు, రక్తం వెనక్కి కొడుతుంది. ఎడమ గుండెకు సాధారణంగా ఏమీ కాదు, ఎందుకంటే మధ్యలో ఊపిరితిత్తులు ఆ సెరటోనిన్‌ను విరిచేస్తాయి.

దీనికీ లివర్ ఆపరేషన్‌కూ ఏం సంబంధమంటావా? లివర్ కోసేటప్పుడు రక్తం తక్కువ పోవాలంటే పెద్ద సిరలో ఒత్తిడి తక్కువగా ఉండాలి. మత్తు డాక్టరు కావాలనే దాన్ని తక్కువగా ఉంచుతాడు. కుడి గుండె కవాటం కారుతుంటే ఆ ఒత్తిడి వెనక్కి లివర్ మీదే పడుతుంది, కోసిన చోటల్లా ఊరుతుంది. కవాటం బాగా చెడిపోయి ఉంటే ముందు గుండె సర్జరీ, తర్వాత లివర్.

మత్తు సమయంలో ఇంకో గండం. గడ్డను తాకినప్పుడు ఒక్కసారిగా హార్మోన్లు కుమ్మరించి బీపీ పడిపోవచ్చు, దాన్ని కార్సినాయిడ్ క్రైసిస్ అంటారు. అందుకని ముందే ఆక్ట్రియోటైడ్ చుక్కల్లో ఎక్కిస్తారు. అది నిజంగా ఆపుతుందా అని ఇప్పుడు కొన్ని కేంద్రాలు సందేహిస్తున్నాయి, కానీ చాలాచోట్ల ఇస్తూనే ఉన్నారు. నేను అడిగేదల్లా, ఈ జబ్బును ముందు చూసిన మత్తు డాక్టరు ఉన్న చోటే చేయించుకోండి. ఈ ఆపరేషన్‌కు దగ్గర ఊరు, మన మనిషి అనే లెక్కలు పెట్టుకోవద్దు.

సింగరాయకొండ_చిన్నమ్మి
ఒక మాట అడగనా. అసలు లివరే మార్చేస్తే? కొడుకు ఇస్తే సరిపోదా?

కత్తి_పట్టినోడు
మంచి ప్రశ్న, అందరూ అడిగేదే. ఈ జబ్బుకు లివర్ మార్పిడి ఉంది గానీ గేటు చాలా చిన్నది. ఇటలీలో మిలాన్ వాళ్లు పెట్టిన షరతులే ఎక్కువమంది వాడతారు: గడ్డ తక్కువ గ్రేడుదై ఉండాలి, పేగు లేదా పాంక్రియాస్ నుంచి వచ్చి ఉండాలి, మొదటి గడ్డను అప్పటికే పూర్తిగా తీసేసి ఉండాలి, లివర్‌లో సగానికి మించి పాకకూడదు, కనీసం ఆరు నెలలు పెరగకుండా నిలకడగా ఉండాలి, వయసు 60 లోపు. అట్టా ఏరిన వాళ్లలో ఫలితాలు చాలా బాగున్నాయి. ఇక్కడా పెన్నా సార్ ప్రశ్నే వర్తిస్తుంది, ఏరిన తీరే సగం ఫలితం. మార్పిడి తర్వాత జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి, ఎక్కడన్నా కంటికి కనపడని కణం మిగిలి ఉంటే దానికి అడ్డు తగ్గుతుంది. జాబ్స్‌కు 2009లో లివర్ మార్చారు, 2011 అక్టోబరులో పోయాడు. కోసి తీయగలిగే లివర్‌ను మార్చడం నా ఉద్దేశంలో తొందరపాటు.

పెన్నా_ఒడ్డు
లుటీషియం సంగతి కూడా ఈ తమ్ముడు తెలుసుకోవడం మంచిది, రేపు అవసరం పడొచ్చు. డొటాటేట్ స్కాన్‌లో ఏ గడ్డలు వెలిగాయో వాటికే మందు పోయి అంటుకుంటుంది. స్కాన్‌లో వెలగకపోతే ఆ మందు పనికిరాదు. ఎనిమిది వారాలకోసారి, మొత్తం నాలుగు దఫాలు. ముందు మూత్రపిండాలు చెడకుండా అమైనో ఆమ్లాల సీసా గంటల తరబడి ఎక్కిస్తారు, వాంతి వచ్చేది ఎక్కువగా దానివల్లే, అసలు మందువల్ల తక్కువ. ఇంటికొచ్చాక కొన్ని రోజులు చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని దగ్గరికి రానీకూడదు. మా మనవరాలు తలుపు సందులోంచి జేజి, జేజి అని పిలిచేది, అదొక్కటే కష్టమైంది. లుటీషియం మన దేశంలోనే, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది.

కత్తి_పట్టినోడు
దీనికి తోడు ఒక మాట. కొందరికి ముందు లుటీషియం ఇచ్చి గడ్డలు కుదించి, తర్వాత కోస్తున్నారు. కోసిన తర్వాత మళ్లీ వస్తే అప్పుడు లుటీషియం ఇస్తున్నారు. కత్తా మందా అని పంతాలు పోవడం బయటవాళ్ల పని. లోపల రెండూ వంతులేసుకుంటాయి.

ఒంగోలు_గిత్త
డబ్బు గురించి ఎవరూ మాట్లాడలా. తమ్ముడూ, కార్డు ఉందా? ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ. ఏ ఆస్పత్రిలో చేరబోతున్నారో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే కలువు. ఈ ఆపరేషన్ వాళ్ల లిస్టులో ఏ పేరుతో ఉందో, ఆ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో నోటి మాటగా కాకుండా కంప్యూటర్‌లో చూపించమను. అందులో రాకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీకి (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ కాగితం) ఎమ్మెల్యే ఆఫీసులో పెట్టుకోవాలి. అది ఆపరేషన్‌కు ముందే రావాలి. ఆస్పత్రి ఇచ్చే ఎస్టిమేటు మీద సీలు, సంతకం లేక మా తోడల్లుడి కాగితం రెండుసార్లు వెనక్కొచ్చింది.

కావలి_చెరువుగట్టు
అందరికీ దణ్ణాలు. చెన్నై పోయొచ్చాం. అక్కడ సర్జను, మెడికల్ ఆంకాలజీ, న్యూక్లియర్ మెడిసిన్, రేడియాలజీ అందరూ కూర్చుని మాట్లాడుకున్నారంట, ట్యూమర్ బోర్డు అంటారు. ఎకోలో ట్రైకస్పిడ్ కొద్దిగా కారుతుండాది, ఆపరేషన్‌కు అడ్డం లేదన్నారు.

ఎంఆర్‌ఐ తీశారు. అందులో తొమ్మిది కాదు, పన్నెండు మచ్చలు. అమ్మ అక్కడే కూలబడింది. వారంలోనే మూడు పెరిగినాయా అన్నా?

కత్తి_పట్టినోడు
పెరగలా తమ్ముడూ, కనపడినాయి. లివర్‌కని ప్రత్యేకంగా ఇచ్చే కాంట్రాస్టు మందుతో తీసిన ఎంఆర్‌ఐలో చిన్నవి ఇంకా బాగా కనపడతాయి. ఆపరేషన్ టేబుల్ మీద లివర్‌ను చేత్తో తడిమి, దాని మీదే అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే ఇంకో రెండు దొరకొచ్చు. ఫ్రాన్స్‌లో తీసిన లివర్ ముక్కలను సన్నగా కోసి చూస్తే, స్కాన్లన్నీ కలిపినా ఉన్న గడ్డల్లో సగం కూడా దొరకలేదని తేలింది. అందుకే మేం ఎవరికీ "మొత్తం తీసేశాం" అని ఒట్టు పెట్టం. అమ్మకు ఈ మాట మెల్లగా చెప్పు. వాళ్ల ప్లానేంది?

కావలి_చెరువుగట్టు
టంగుటూరు పెద్దాయనకు చేసినట్టే. ముందు నెల ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మొదటి డోసు అయింది. రాత్రిళ్లు లేవడం తగ్గింది. మొదటి ఆపరేషన్‌లో పేగు, గ్రంథి, పిత్తాశయం, ఎడమపక్కవి. తర్వాత కుడి సిర మూయడం. తర్వాత కుడి భాగం. ఇప్పుడున్న లెక్కన కుడిది తీస్తే 28 శాతం లివర్ మిగులుతుందంట. మంచి లివర్‌కైతే 20, 25 చాలు గానీ, నాయనకు షుగరుండాది, లివర్‌లో కొవ్వుండాది, అందుకని 30 దాటి పెరిగితేనే రెండోది చేస్తామన్నారు. పెరగకపోతే ఆడికే ఆపి లుటీషియం అన్నారు.

చిన్నాయన కూడా వచ్చాడు మాతో. డాక్టరును ఎదురుగానే గాలి మాట అడిగేశాడు. ఆయన నవ్వలా, కోప్పడలా, బొమ్మ గీసి చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో చిన్నాయనే నాయనకు ఆ బొమ్మ మళ్లీ గీసి చెప్తుండాడు.

కత్తి_పట్టినోడు
తెలివైన ప్లాను. పెరగకపోతే ఆపుతామని ముందే చెప్పిన టీమును నమ్మొచ్చు. కొవ్వు లివర్ ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు అన్నం, తీపి తగ్గించి, మాంసకృత్తులు పెంచి, నడిపిస్తే కొంత కొవ్వు కరుగుతుంది. మందు తాగే అలవాటుంటే ఈ రోజుతో బంద్, మందు తాగితే ముఖం మంట కూడా ఎక్కువవుతుంది.

కావలి_చెరువుగట్టు
మందు లేదు. చేపల పులుసు తినొచ్చా అని అడగమన్నాడు. నెల్లూరోళ్లం కదా, అదొక్కటీ వదల్లేనంటాడు.

స్టాఫ్‌నర్స్_నెల్లూరు
చేప శుభ్రంగా తినొచ్చు, మంచి ప్రొటీన్. కారం, నూనె తగ్గించండి, కారానికి మంట లేస్తుంది కొందరికి. ఇన్నాళ్లు విరేచనాలైన మనిషి కాబట్టి బి3 విటమిన్ తక్కువైందేమో డాక్టరును అడగండి. ఈ జబ్బు ఆ విటమిన్ తయారయ్యే సరుకును సెరటోనిన్‌కే వాడేస్తుంది. చేతుల మీద, మెడ మీద ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు లేస్తుందా చూడండి.

కావలి_చెరువుగట్టు
లేస్తుండాది అక్కా! ఉప్పు నీళ్ల వల్ల అనుకున్నాం. రేపే అడుగుతా.

ఇంకోటి, రక్తం ఇచ్చేవాళ్లు నలుగురు కావాలన్నారు. ఏ గ్రూపైనా పర్లేదంట, బ్యాంకులో మార్చుకుంటారంట. మేం ఇద్దరం ఉండాం.

టంగుటూరు_పొగాకు
మా పెద్దోడు తాంబరంలో ఉద్యోగం చేస్తుండాడు. ఓ పాజిటివ్. వాడూ, వాడి రూమ్మేటూ వస్తారు. తేదీ చెప్పి ఇన్‌బాక్స్‌లో నంబరు పెట్టు, ముందురోజు రాత్రి వాళ్ల గదిలోనే పడుకోవచ్చు మీరు.